మాట యిచ్చినదెవరు, చెల్లించునదెవరు?

కష్టించినవానికి కూలి చెల్లవలెననుటలో మనకు భేదము లేదు. కాని కూలి నిర్ణయించు ఉభయులును తమది కాని సొమ్మును గూర్చి బేరమాడుచున్నప్పుడు, ఆ సొమ్ము గలవాడు బేరమును చూడవద్దా? ఇది పట్టణపు ప్రశ్నవలె తోచును గాని, బస్సెక్కు ప్రతి పల్లెవాని జేబులోని ప్రశ్నయే.

దిల్‌సుఖ్‌నగర్ డిపోను, ఎల్.బి.నగర్ కూడలిని మీలో అనేకులెరుగుదురు. నల్లగొండ, సూర్యాపేట వైపునుండి వచ్చువారు అచ్చటనే దిగుదురు. 2019 అక్టోబరు 5న ఆర్టీసీ కార్మికులు సమ్మె కట్టిరి. దాదాపు 48,000 మంది, 52 దినములు. ఎల్.బి.నగరువారికి 2018 నుండి మెట్రో రైలు కలదు. ఇబ్రహీంపట్నము ఆవలి పల్లెవానికి ఏమున్నది? తాత్కాలిక డ్రైవర్లతో కొన్ని బస్సులు నడిచినను, ఆటోవాడడిగినంత యిచ్చుటయో, ఇంట కూర్చుండుటయో ఆయెను. పనిలోనికి రానివారు తమ్మును తామే తొలగించుకొనిరని ప్రభుత్వము ప్రకటించెను. జీతములు నిలిచెను. కొందరు కార్మికులు తమ ప్రాణములు తీసికొనిరి. ఆ యిండ్లను తలంచక ఈ సంగతి వ్రాయుట న్యాయము కాదు.

తగవు మూలము వెనుక నున్నది. 2015 మేలో సమ్మె జరుగగా ముఖ్యమంత్రి 44 శాతము ఫిట్‌మెంట్ ప్రకటించెను. సంతోషమే. అయితే సంస్థకును సంఘమునకును మధ్య జరుగు జీతపు ఒప్పందము శాసనసభ ఓటుకు వచ్చునది కాదు. టికెట్టుపై ఎంత, ఖజానాపై ఎంత అని సభలో ముందుగా తేలినయెడల, 2019లో అదే హెచ్చింపును కార్మికులకు ఎత్తిచూపుటకు వీలుండెడిది కాదు. ఆ సమ్మె ముగిసిన పిమ్మట చార్జీ కిలోమీటరుకు 20 పైసలు పెరిగెను. బేరములో కూర్చుండనివాడే చెల్లించెను.

ద్రాక్షతోట యజమానుడు కడపటి గంటకు వచ్చినవానికిని నిండు కూలి యిచ్చిన కథ మీకు తెలియును. ఆయన యిచ్చినది సొంత సొమ్ము. మంత్రియు, సంఘనాయకుడును యజమానులు కారు, గృహనిర్వాహకులు. వారి ఔదార్యమునకు లెక్క కావలెను.

2023లో ఆర్టీసీ ఉద్యోగులను ప్రభుత్వములో చేర్చు బిల్లు వచ్చెను. ఖజానా సంగతి గనుక గవర్నరు సిఫారసు కావలసియుండెను. గవర్నరు కేంద్రపు వాటా, పింఛను మొదలైనవాటిని గూర్చి ప్రశ్నలడుగగా, ఆగస్టు 5న కార్మికులు రాజ్‌భవనమునకు కదలిరి. మరునాడు సిఫారసు వచ్చెను. ఆ దినముననే సభ బిల్లును ఆమోదించెను. 43,373 మంది భవిష్యత్తు ఒక్కనాటిలో! ప్రశ్నించువారు కార్మికులకు శత్రువులని కొందరికి తోచెను. నాకట్లు తోచదు. పింఛను సంగతి అడుగుట కండక్టరు మేలుకే. కాని దానిని మొదట అడుగవలసినవారు మన ఓటుతో వెళ్లినవారు, అదియు తీరికగా.

సభ చేయిపెట్టినయెడల సంఘపు మాటకు విలువ యేమని అందురు. ఆ భయము నిజమే. ఒప్పుకొన్న కూలిని తరువాత కోయుట దొంగతనమే. అందుకే పరిశీలన సంతకమునకు ముందుండవలెను. మీ గ్రామమునకు ఓటడుగ వచ్చినవారిని, రోడ్డు సంగతితోపాటు ఇదియు అడుగుడి: క్రిందటి జీతపు ఒప్పందపు లెక్క, సంతకమునకు ముందు మీ చేతికి వచ్చెనా, రాలేదా?