వలదన్న తలపు - విడువని సంగము

బోథ్‌లో ఒక వీరశైవ గృహస్థుడు కలడని తలపోయుడు. ఇట్టివాడు ఏ యూరనైనను ఉండవచ్చును. వేకువనే స్నానమాడి, విభూతి ధరించి, ఇష్టలింగమును కరస్థలమున నుంచుకొనును. అంతలో 'చేయి శుద్ధముగా కడిగితినా?' యని శంక పుట్టును. మరల కడుగును, మరల శంక. ఒక్కొక్కప్పుడు లింగమును చూచుచుండగనే పలుకరాని దూషణవాక్యము మనస్సున మెరయును. 'ఎంత పాపిని!' యని వణకి పంచాక్షరీజపమును మొదటినుండి ప్రారంభించును. పూజ ముగియునప్పటికి ప్రొద్దెక్కును, పత్తిచేని పని చెడును, ఇంటివారు విసుగుకొందురు. తన బాధను మాత్ర మెవరికిని చెప్పడు.

దీనిని కొందరు అధికభక్తి యందురు. కొందరు గాలి సోకినదందురు. రెండును గావు. ఇది వైద్యు లెరిగిన వ్యాధి; ఓసీడీ యని దాని పేరు. నూటికి ఒకరిద్దరిని జీవితమున నెప్పుడో యొకప్పుడు పీడించును. అవాంఛితమైన తలపు రాని మనుష్యుడు లేడు. ఇతరులకది వచ్చి పోవును, రోగికి అంటుకొనును. దైవమును ప్రేమించువానికే దైవదూషణము భయంకరముగా తోచును. కావున ఆ తలపు వాని కోరిక గాదు, వాని భయము. కోరని తలపు పాపము గాదు.

లింగధారికి జనన, మరణ, రజ, ఉచ్ఛిష్ట, జాతి సూతకములు లేవని వీరశైవ సిద్ధాంతము. దేనిచేతను మైలపడని లింగము పదిమారులు కడిగిన చేతిని కోరునా? అయితే ఈ మాటను రోగికి ఒకసారి చెప్పిన చాలును. అడిగినప్పుడెల్ల 'నీకేమియు దోషము లేద'ని అభయ మిచ్చుచుండిన, గోకినకొలది తీట హెచ్చినట్లు శంకయే బలపడును. శంక యుండగనే మరల కడుగక, భయము తనంత తగ్గువరకు ఓర్చుటను క్రమక్రమముగా అభ్యసింపజేయుటయే దీనికి ముఖ్యచికిత్స. దానిని శిక్షణ పొందినవారు చేయింపవలెను. మందులును కలవు.

మరి సంగము చేయునదేమి? 12వ శతాబ్దిని కల్యాణమందలి అనుభవమంటపమున అల్లమప్రభువు ఎదుట బట్టలుతుకు మడివాళ మాచయ్య, పడవ నడుపు అంబిగర చౌడయ్య, త్రాళ్లు పేను నులియ చందయ్య సరిసమానముగా కూర్చుండిరి. అక్కమహాదేవివంటి స్త్రీలును కూర్చుండిరి. అచట చెప్పుకొన్నది కులగౌరవము గాదు, ఎవరి యనుభవమును వారే. దాచుకొన్న బాధకు అట్టి సభ కావలెను. 'నాకును ఇట్లే యుండెడిది' యని యొకరు పలికిన, ఏండ్ల యొంటరితనము సడలును.

అందుచే మఠమునకు వచ్చిన యట్టివానిని పెద్దలు పరిహసింపరాదు, ప్రాయశ్చిత్తము విధింపరాదు. 'అయ్యా, ఒకసారి కడిగితిమి. శంక నుండనిమ్ము, పూజకు కలిసి కూర్చుందము' అని ప్రక్కన కూర్చుండవలెను. ఆదిలాబాదు రిమ్స్ ఆసుపత్రిలోని మానసిక వైద్యునికడకు తోడు పోవలెను. ఊరిలో చెప్పుకొన సిగ్గుపడువారికి 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వ మారంభించిన టెలీమానస్ కలదు. 14416కు ఫోను చేసిన రేయింబవళ్లు ఉచితముగా తెలుగున మాటలాడుదురు.

పూజ ముగించి శంకతోడనే చేనికి నడచిన దినమున ఆ గృహస్థుడు ఓడినవాడు గాడు. కాయకమును పూజయే. అతనితో గట్టువరకు నడచినవాడే శరణుడు.