దీపం ఆర్పాక వచ్చే చేప

మనం నిద్రలేచే వేళకు మా ఇంట్లో ఒక ప్రాణి పడుకోబోతుంది. పేరు బ్లాక్ ఘోస్ట్ నైఫ్. అమెజాన్ నదీ ప్రాంతపు చేప. నల్లటి ఒళ్లు, తోక దగ్గర రెండు తెల్లటి పట్టీలు. పగలంతా గొట్టంలో దాక్కుంటుంది. రాత్రి హాల్లో దీపం ఆర్పాక మెల్లగా తల బయటపెడుతుంది. పొట్ట కింద పొడవునా ఉన్న రెక్క, గాలికి చీర కుచ్చిళ్లు కదిలినట్టు అలలాడుతుంది. ముందుకెంత సులువుగా పోతుందో వెనక్కీ అంతే సులువుగా వస్తుంది.

చూపు అంతంతమాత్రం. తోకలోని అవయవం సెకనుకు సుమారు 1000 సార్లు అతి సన్నటి విద్యుత్తు విడుస్తుంది. మన చేతికి తెలియనే తెలియదు. చుట్టూ ఉన్నవాటి వల్ల అందులో వచ్చే తేడాని చర్మంతోనే పసిగట్టి, రాయేదో పురుగేదో పోల్చుకుంటుంది. ఎంత అద్భుతమో!

కొన్నప్పుడు చూపుడువేలంత ఉండేది. అరమీటరు దాకా పెరుగుతుందని దుకాణంలో ఒక్కరూ చెప్పలేదు. తెలిశాక నాకు చాలా బాధేసింది. అంత ప్రాణిని చిన్న తొట్టిలో ఉంచడం అన్యాయం. డబ్బు కూడబెట్టి పెద్ద తొట్టి కట్టించాం.

నిన్న రాత్రి నీళ్లలో చెయ్యి పెట్టాను. వెనక్కి వెనక్కి వచ్చింది, తోకతో నా వేళ్లను ఓసారి తడిమి చూసింది, వానపాము ముక్క అందుకుని గొట్టంలోకి జారిపోయింది.