గెలిచినవారి పండుగ, ఓడినవారి కాలువ

ఓడిపోయినవారి శ్రమఫలాన్ని అనుభవిస్తూ, వారి ఓటమిని పండుగగా జరుపుకోవడం న్యాయమేనా? యీ ప్రశ్న వట్టి తర్కం కోసం కల్పించింది కాదు. దక్షిణ స్పెయిన్‌లో సియెర్రా నెవాడా మంచుకొండల దక్షిణపు వాలున అల్పుహర్రా అనే ప్రాంతం వుంది. అక్కడి కొండపల్లెలు కొన్ని యీ ప్రశ్నను యేటా తమ వీధుల్లోనే నటించి చూపుతున్నాయి.

వాలోర్ గ్రామాన్ని తీసుకుందాం. సెప్టెంబరు మధ్యలో, తమ క్రీస్తు విగ్రహానికి జరిపే ఉత్సవాల్లో భాగంగా, ఆ గ్రామస్థులు "మూర్లు - క్రైస్తవులు" అనే వీధినాటకం ఆడతారు. ఊరివారే రెండు సైన్యాలుగా చీలి, పద్యాలలో సవాళ్లు విసురుకుని, తుపాకులు పేలుస్తారు. మొదట మూర్లది పైచేయి. చివరకు గెలుపు క్రైస్తవులది. యిటువంటి నాటకాలు చాలావాటిలో ఓడిన మూరు రాజు తన మతాన్ని విడిచి విజేతల మతంలో చేరడంతో కథ సుఖాంతమౌతుంది.

చరిత్రలో జరిగింది వేరు. గ్రనాడా రాజ్యం 1492 జనవరి 2న లొంగిపోయింది. అంతకు ముందు, 1491లో కుదిరిన ఒడంబడికలో, ముస్లిం ప్రజల మతాన్నీ ఆస్తినీ ఆచారాలనూ కాపాడతామని విజేతలు వాగ్దానం చేశారు. ఆ వాగ్దానం పదేళ్లయినా నిలవలేదు. 1499లో ఆర్చిబిషప్పు సిస్నెరోస్ బలవంతపు మతమార్పిళ్లు సాగించాడు. ప్రజలు తిరగబడ్డారు, తిరుగుబాటును సాకుగా చూపి ఒడంబడికను రద్దు చేశారు. అలా మతం మార్చబడినవారే మొరిస్కోలు. మతం మారినా వారికి శాంతి లభించలేదు. భూమి హక్కుపత్రాల తనిఖీలు, పట్టుపురుగుల పెంపకంపై పన్నులు వారి బతుకును పీల్చివేశాయి. 1567లో రెండవ ఫిలిప్ ప్రభుత్వం అరబ్బీ భాషనూ, దుస్తులనూ, పేర్లనూ, స్నానశాలలనూ నిషేధించింది. ఫ్రాన్సిస్కో నూన్యెజ్ మూలే అనే వృద్ధుడు అధికారులకు అర్జీ పెట్టుకున్నాడు. దుస్తులు మతం కాదని, అవి ఆ ప్రాంతపు ఆచారమని, తూర్పు దేశాలలో అరబ్బీ మాట్లాడే క్రైస్తవులు కూడా వున్నారని వాదించాడు. పాలకులు వినలేదు.

1568 క్రిస్మస్ ముందటి రాత్రి అల్పుహర్రా తిరగబడింది. వాలోర్ వంశానికి చెందిన ఫెర్నాండో, అబెన్ హుమేయా అనే పేరుతో తిరుగుబాటుదారులకు రాజయ్యాడు. నిజాయితీగల చరిత్రకారుడు యిక్కడ ఒక మాట దాచకూడదు: తిరుగుబాటుదారులు గ్రామాలలోని పూజారులను, క్రైస్తవ కుటుంబాలవారిని క్రూరంగా చంపారు. రాజసైన్యాలు దానికి అనేక రెట్లు బదులు తీర్చుకున్నాయి. హువిలెస్‌లో లొంగిపోయిన స్త్రీలను సైతం నరికివేశారు. యుద్ధం పూర్తికాకముందే, 1569లో మొదలుపెట్టి, సుమారు 80,000 మంది మొరిస్కోలను గ్రనాడా రాజ్యం నుంచి కాస్తీల్ ప్రాంతాలకు తరలించారు. చలిలో, దారిలోనే అనేకులు ప్రాణాలు విడిచారు. 1609 - 1614 మధ్య మొత్తం దేశం నుంచే దాదాపు 3 లక్షల మందిని వెళ్లగొట్టారు. నాటకం చివర వినిపించని ముగింపు యిదీ.

ఖాళీ అయిన యిళ్లలోకి కాస్తీల్, గలీసియా, లియోన్ వంటి ప్రాంతాల నుంచి కొత్త రైతులను తెచ్చి కాపురం పెట్టించారు. వారికి దొరికింది కేవలం భూమి కాదు. యేటవాలు కొండను మెట్లు మెట్లుగా చదును చేసిన చేలూ, మల్బరీ తోటలూ, మట్టికప్పు యిళ్లూ, అన్నిటికంటె ముఖ్యంగా నీటి కాలువలూ దొరికాయి. కాలువకు యీనాటికీ స్పెయిన్ రైతు వాడే "అసేకియా" అనే మాట అరబ్బీదే. పై కొండల్లో మంచు కరిగిన నీటిని కాలువల ద్వారా మళ్లించి, నేలలోకి యింకేటట్లు వదిలితే, అది కొన్ని వారాలకో నెలలకో కింద ఊళ్ల దగ్గర ఊటలై పైకి వస్తుంది. వేసవి చేలను బతికిస్తుంది. ఆ నీటి దారి తెలిసిన చేతులను రాజ్యమే వెళ్లగొట్టింది.

యిప్పుడు మన ప్రశ్నకు రెండు సులభమైన జవాబులు వినిపిస్తాయి. యీ పండుగ విజేతల దురహంకారం, రద్దు చేయాలని ఒకటి. యిది వట్టి వినోదం, పాత గాయాలు కెలకడం దేనికని మరొకటి. రెండూ మనకు చాలవు. నాటకంలో కత్తి పట్టే రైతు యెవరినీ వెళ్లగొట్టలేదు. అతని పూర్వీకులూ పేదరికం తరిమితే యీ కొండలెక్కినవారే. నేరం చేసినవారు రాజులు, మఠాధిపతులు, భూములు కాజేసిన అధికారులు. అతని పండుగను లాక్కుంటే ఆ నేరానికి శిక్ష పడినట్లు కాదు. ఐతే రెండవవారి మాటలోనూ మోసం వుంది. కాలువ నీరు తాగుతూ, కాలువ తవ్వినవాడిని యేటా వీధిలో ఓడించి, సంతోషంగా మతం మార్చుకున్నట్లు చూపడం వినోదం మాత్రమే కాదు, అబద్ధం.

నేరం తండ్రి నుంచి కొడుకుకు రాదు, ఋణం వస్తుంది. యీ రెంటినీ వేరుచేసి చూడలేకపోవడం వల్లనే కొందరు వారసత్వమంటే సిగ్గుపడుతున్నారు, కొందరు గర్వపడుతున్నారు. వారసత్వం రక్తసంబంధమైతే వాలోర్ రైతుకు మొరిస్కోతో సంబంధమే లేదు. కాని వారసత్వం శ్రమసంబంధమని అంగీకరిస్తే, ఆ గట్టును నిలబెట్టే ప్రతి రైతూ మొరిస్కోకు వారసుడే. అటువంటి వారసుడు పండుగను మానుకోనక్కరలేదు. ముగింపును నిజం చేస్తే చాలు. తెగిపోయిన ఒడంబడిక, వినబడని అర్జీ, చలిలో నడిచిన జనం ఆ వీధిలోకి రావాలి. మూరు వేషం కట్టేవాడు ఆ ఊరి బిడ్డే కాబట్టి, ఆ మాటలు చెప్పడానికి వేరెవరినో వెదకనక్కరలేదు.

యువకులు పట్టణాలకు వలసపోగా యీ కొండలలో చాలా కాలువలు పూడిపోయాయి. 2014లో కాన్యార్ గ్రామపు రైతులూ, గ్రనాడా విశ్వవిద్యాలయ పరిశోధకులూ, స్వచ్ఛంద కార్యకర్తలూ కలిసి అటువంటి పాత కాలువ నొకదానిని పారలతో తవ్వి తిరిగి నీరు పారించారు. అక్కడ యెవరూ మూరు కాదు, యెవరూ విజేత కాదు. వెళ్లగొట్టబడినవారి ఋణం తీర్చడం యెలాగని అడిగే విద్యార్థికి ఉపాధ్యాయుడు ముందుగా చూపవలసింది ఆ కాలువనే.