వీపు కనిపించాక

కెనడాలోని బ్రాంప్టన్‌లో ఒక ఐస్ రింక్. పధ్నాలుగేళ్ల పిల్లల హాకీ మ్యాచ్ అప్పుడే ముగిసింది. వెనక నుంచి గుద్దినందుకు ఒక కుర్రాణ్ణి రిఫరీ ఆట మధ్యలోనే బయటికి పంపింది. ఆమె తెలుగమ్మాయి. న్యాయశాస్త్రం బోధించి రిటైరై, విజయవాడ నుంచి చూడటానికొచ్చిన బాబాయికి ఆ తీర్పు మింగుడు పడలేదు.

బాబాయి: అమ్మలూ, నేను పైనుంచి చూస్తూనే ఉన్నాను. అవతలి పిల్లాడే ఆఖరి క్షణంలో అటు తిరిగాడు. వీడు భుజానికని వచ్చాడు, తగిలేసరికి అది వీపయింది. దురుద్దేశం లేనిచోట తప్పెక్కడిది?

రిఫరీ: దురుద్దేశం ఉందని నేననలేదు బాబాయ్. ఆ మూలలో ఏం జరిగిందో చూడండి. పక్, అదే ఆ ఆడే బిళ్ల, బోర్డుల దగ్గరికి, అంటే రింక్ చుట్టూ ఉన్న గోడ దగ్గరికి పోయింది. ముందు చేరినవాడు వంగి, తల దించాడు. కళ్లు పక్ మీదే ఉన్నాయి. గోడకి మూడు నాలుగడుగుల దూరం. గోడకి ఆనుకునే ఉంటే దెబ్బ ఒంటిమీద సర్దుకుపోయేది. ఆ కాస్త ఎడంలోనే ఉంది ప్రమాదమంతా. వెనక నుంచి తోస్తే మనిషి విసురుగా వెళ్లి నడినెత్తితో గోడని ఢీకొంటాడు. మెడకి సహజంగా ఉండే వంపు దెబ్బని కొంత ఓర్చుకుంటుంది. తల దించితే ఆ వంపు పోయి పూసలన్నీ ఒకే వరసలో నిలబడతాయి. తల గోడ దగ్గర ఆగుతుంది, వెనకున్న ఒంటి బరువు ఆగదు. మధ్యలో నలిగేది మెడపూస.

బాబాయి: హెల్మెట్ ఉందిగా?

రిఫరీ: అది పుర్రెని కాస్తుంది, మెడని కాదు. 2011 డిసెంబరు 30న మిన్నెసోటాలో ఒక హైస్కూలు మ్యాచ్‌లో 16 ఏళ్ల కుర్రాడు ఇలాగే వెనక నుంచి దెబ్బ తిని బోర్డుల మీద పడ్డాడు. వెన్నుపాము దెబ్బతింది. కాళ్లు పడిపోయాయి. మరుసటి నెలలోనే అక్కడి హైస్కూళ్ల లీగ్ ఇలాంటి గుద్దుళ్లకి 5 నిమిషాల శిక్ష తప్పనిసరి చేసింది.

బాబాయి: ఫలితం ఘోరమే, కాదనను. కానీ ఫలితాన్ని బట్టి తప్పు తేల్చకూడదని పిల్లలకి పాఠం చెప్పినవాణ్ణి. ఆఖరి క్షణంలో ఆగడం వాడి చేతిలో ఉందా?

రిఫరీ: లేదు. అందుకే నేను ఆఖరి క్షణాన్ని చూడను, అంతకు మూడు అంగల ముందు చూస్తాను. అప్పటికే అవతలివాడి జెర్సీ మీద నంబరు వీడికి పూర్తిగా కనిపిస్తోంది. అయినా వేగం తగ్గించలేదు, నేరుగా దూసుకొచ్చాడు. ఇక ఆగలేని స్థితిలోకి తనంతట తానే వచ్చాడు. ఆగలేకపోయానన్నది నిజమే. కానీ అది సంజాయిషీ అవదు. ఏటవాలుగా పక్కనుంచి వచ్చుంటే భుజానికి భుజం తగిలేది, పక్ కూడా దక్కేదేమో.

బాబాయి: మరి వీపు తిప్పినవాడి బాధ్యతేం లేదా? ఇంత రక్షణ ఇస్తే కొందరు కావాలనే వీపు పెడతారు.

రిఫరీ: పెట్టేవాళ్లూ ఉన్నారు. 1990ల్లో ఈ ఒంటారియోలోనే, విండ్సర్‌లో, పిల్లల జెర్సీల వెనక ఎర్రటి స్టాప్ గుర్తు కుట్టడం మొదలుపెట్టారు. దాని మీదా ఈ అభ్యంతరమే వచ్చింది. అందుకే వీపు తిప్పేవాళ్లకీ నేర్పుతాం. పక్ కోసం వెళ్లేముందు భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూడు, గోడకి ఎడంగా నిలబడకు, తల ఎత్తే ఉంచు, పడితే చేతులు ముందు పెట్టు అని చెబుతాం. అయినా ఇద్దరి బాధ్యతా సమానం కాదు బాబాయ్. వెనకున్నవాడికి కళ్లముందు అంతా కనిపిస్తోంది, ముందున్నవాడికి కనిపించదు. ఎవరికి ముందుగా కనిపిస్తుందో బరువు వాళ్లదే.

బాబాయి: కురుక్షేత్రంలోనూ యుద్ధానికి ముందే ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి, వెనుదిరిగినవాణ్ణి కొట్టకూడదని. గెలుపు మీద పట్టుదల పెరిగేకొద్దీ ఒక్కో నియమమూ గాలికి పోయింది. మీ నియమం మాత్రం నిలుస్తుందని ఏమిటి నమ్మకం?

రిఫరీ: ఒంటరిగా నిలవదు. 1980ల మొదట్లో హాకీలో మెడ విరిగిన కుర్రాళ్లు వరసగా రావడం గమనించి, టొరంటో న్యూరోసర్జన్ చార్లెస్ టేటర్ దేశమంతా అలాంటి కేసుల లెక్క తీయించారు. వెనక నుంచి తోయడం ఎంత చేటు చేస్తోందో అందులో బయటపడింది. 1985లో కెనడాలో దానికి ప్రత్యేకంగా నియమం వచ్చింది. అక్కడితో ఆగలేదు. పిల్లలకీ కోచ్‌లకీ పాఠాలు మొదలయ్యాయి. 2013లో 11, 12 ఏళ్లవాళ్ల ఆటలో ఒంటితో గుద్దడాన్నే హాకీ కెనడా తీసేసింది. ఏళ్లు గడిచేకొద్దీ వెన్నుపాము దెబ్బతినే ఘటనలు తగ్గాయి.

బాబాయి: అయితే నీ మాటనే ఇంకాస్త ముందుకి తీసుకెళ్తాను. ముందు చూడగలిగినవాళ్లదే బరువంటే, ఆ కుర్రాడి కంటే ముందే చూసినవాళ్లు ఉన్నారు కదా. వాడు ఎలా దూసుకెళ్తాడో కోచ్‌కి సీజన్ మొదట్నుంచీ తెలుసు.

రిఫరీ: నేనూ అదే అంటాను. వీపు చూసి ఆగిన పిల్లాడు ఒక్కోసారి పక్ పోగొట్టుకుంటాడు. బెంచీ దగ్గరికి రాగానే కోచ్ ‘ఎందుకు వదిలేశావ్?’ అన్నాడంటే నా విజిల్ ఎందుకూ కొరగాదు. ‘మంచి పని చేశావ్’ అన్నాడంటే, ఈసారి మూడు అంగల ముందే వాడి కాళ్లు నెమ్మదిస్తాయి.

బాబాయి: అలాగైతే స్టాండ్స్‌లో కూర్చుని ‘కొట్టు, కొట్టు’ అని అరిచే అమ్మానాన్నలూ ఈ లెక్కలోకి వస్తారు.

రిఫరీ: తప్పకుండా వస్తారు. ఆ కేకకి శిక్ష వేసే అధికారం నాకు లేదు. అందుకే వాళ్లని ఒక్కటే అడుగుతాను. గోల్ కొట్టినప్పుడు చప్పట్లు కొడతారుగా, వీపు చూసి ఆగిన పిల్లాడికీ అంతే గట్టిగా కొట్టండి. వాడు అవతలి జట్టువాడైనా సరే.