మొక్కు తీరిన మర్నాడు

హైదరాబాద్ నుంచి యాదగిరిగుట్టకు సుమారు 60 కిలోమీటర్లు. ఉప్పల్ దాటి, భువనగిరి మీదుగా వెళ్లే ఆ దారిలో మీలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు ఓ మొక్కు మనసులో పెట్టుకుని వెళ్లే ఉంటారు. ఉద్యోగం రావాలనో, వీసా పడాలనో, అమ్మ ఆపరేషన్ బాగా జరగాలనో. పనైంది. మళ్లీ వెళ్లాం, తలనీలాలు ఇచ్చాం, సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం, ప్రసాదం తెచ్చి ఆఫీసులో పంచాం. సంతోషం. మరి ఆ మర్నాడు?

ఇంటర్వ్యూకి ముందు నెలరోజులు పొద్దున ఐదింటికే లేచినవాళ్లం, ఆఫర్ లెటర్ వచ్చిన వారానికే అలారం తీసేస్తాం. దీన్ని బద్ధకం అనుకుంటాం. నాకైతే బద్ధకంలా అనిపించదు. "ఇక నాకిది అక్కర్లేదు" అనే ఒక చిన్న గర్వం అది. నిలకడ తప్పేది ముందు అక్కడే.

నిలకడ అనగానే మనకు ప్రహ్లాదుడు గుర్తొస్తాడు. కానీ భాగవతం ఏడో స్కంధం చదివితే, పట్టుదలలో మొదట ఆశ్చర్యపరిచేది వాళ్ల నాన్న. హిరణ్యకశిపుడు మందర పర్వతం లోయలో కాలి బొటనవేలి మీద నిలబడి, చేతులు పైకెత్తి తపస్సు చేశాడు. ఒంటి చుట్టూ పుట్ట పెరిగింది, గడ్డీ వెదురూ మొలిచాయి, చీమలు మాంసం తినేశాయి. అయినా కదల్లేదు. చివరికి బ్రహ్మే దిగొచ్చి, ఇలాంటి తపస్సు ముందెవరూ చేయలేదని మెచ్చుకుని, కమండలంలో నీళ్లు చల్లి లేపాడు. ఇంతకన్నా కన్సిస్టెన్సీ ఎవరు చూపించగలరు చెప్పండి?

తర్వాత అడిగిన వరం చూడండి. లోపల వద్దు, బయట వద్దు. పగలు వద్దు, రాత్రి వద్దు. నేల మీద కాదు, ఆకాశంలో కాదు. మనిషి వల్ల కాదు, మృగం వల్ల కాదు. మంచి లాయర్ రాసిన అగ్రిమెంట్‌లా ఉంటుంది ఆ జాబితా. అన్నీ ఆలోచించేశాను అనుకున్నాడు. గడప ఉందని, సంధ్యవేళ ఉందని, గోళ్లు ఉన్నాయని తట్టలేదు. వరం చేతికొచ్చాక మూడు లోకాలూ గెలిచాడు, ఇంద్రుడి మేడలో కూర్చున్నాడు, యజ్ఞాల్లో దేవతలకు వెళ్లాల్సిన హవిస్సు కూడా తనే తీసుకున్నాడు. అంత తపస్సు చేసినవాడు ఆ తర్వాత ఒక్క పూటైనా మళ్లీ తపస్సుకు కూర్చున్నట్టు ఆ కథలో మనకెక్కడా కనబడదు. ఎందుకు కూర్చుంటాడు? బేరం కుదిరిపోయింది కదా!

ఈ "బేరం" అనే మాట నేను కల్పించింది కాదు. అదే స్కంధంలో ప్రహ్లాదుడి మాటల్లో వస్తుంది. స్వామి శాంతించాక ఏదైనా వరం కోరుకోమంటాడు. పిల్లవాడు చెప్పిన జవాబు తాత్పర్యం ఇది: నీ సేవ చేసి బదులు కోరేవాడు సేవకుడు కాదు, వ్యాపారి. నాకు ఇచ్చేట్టయితే, అసలు కోరికే పుట్టని మనసివ్వు అన్నాడు. ఆ తర్వాత నాన్న పాపం పోవాలని అడిగాడు, తన కోసం కాదు.

మొక్కు తప్పని కాదండీ నేను అంటున్నది. కష్టమొస్తే స్వామిని కాక ఎవరిని అడుగుతాం? అయితే మన సాధన అంతా ఆ మొక్కుకు కట్టిన ఫీజే అయితే, పనైన రోజుతో ఆగిపోతుంది. చదువూ అంతే, జిమ్మూ అంతే, ఉద్యోగంలో నేర్చుకోవడమూ అంతే. వినయం అంటే మెల్లగా మాట్లాడటం కాదు. అవార్డు ఫొటో పెట్టి కింద "వినమ్రంగా" అని రాసుకోవడం అసలే కాదు. వచ్చిందాన్ని నా కష్టానికి కూలీగా లెక్కగట్టకపోవడం, అంతే.

ప్రహ్లాదుడు కూడా ఒకసారి జారాడని చాలామందికి తెలీదు. వామన పురాణంలో ఉంది. అప్పటికి ఆయన రాజు, తీర్థయాత్రలో నైమిశారణ్యం వచ్చాడు. అక్కడ ఇద్దరు మునులు జటలతో తపస్సులో ఉన్నారు, పక్కనే విల్లులు. తపస్సేంటి, ఆయుధాలేంటి, ఇదంతా దంభం అని తీర్పు చెప్పేశాడు. యుద్ధానికి దిగాడు. వాళ్లు నర నారాయణులు. ఎంతకాలం పోరాడినా గెలవలేదు. చివరికి విష్ణువునే అడిగితే, అక్కడున్నది నేనే, యుద్ధంతో కాదు, భక్తితోనే గెలవగలవు అన్నాడు. ప్రహ్లాదుడు రాజ్యం అంధకుడికి అప్పగించి, బదరికాశ్రమం వెళ్లి నారాయణుడికి మొక్కాడు. చిన్నప్పుడు స్తంభంలో స్వామిని చూసినవాడు, పెద్దయ్యాక ఎదురుగా ఉన్నా గుర్తుపట్టలేదు! నాకు ఈ కథే ఎక్కువ భయం వేస్తుంది. హిరణ్యకశిపుడిలా మనం కాము అనుకోవచ్చు, ప్రహ్లాదుడికే జరిగితే మనమెంత?

గుట్ట మీద దీనికి మందు కళ్లముందే ఉంది. ఇక్కడ నరసింహుణ్ని వైద్యుడిగా కొలుస్తారు. ఆరోగ్యం కోసం మండలం పాటు కొండ మీదే ఉండి, రోజూ స్నానం చేసి ప్రదక్షిణలు చేసేవాళ్లుంటారు. మొదటిరోజు ఉత్సాహం, చివరిరోజు ఆనందం సహజం. 17వ రోజు ఏముంటుంది? ఏమీ ఉండదు. అదే మెట్లు, అదే తడి బట్టలు, అదే నామం. ఆ 17వ రోజే అసలు దీక్ష అనిపిస్తుంది.

గుడి కట్టిన తీరు కూడా చూడండి. 2016లో బాలాలయం ఏర్పాటు చేసి పాత కట్టడాన్ని మార్చడం మొదలుపెట్టారు. నల్లరాతి మండపాలు, గోపురాలు లేచాయి, 2022 మార్చి 28న మహాకుంభ సంప్రోక్షణ జరిగింది. ఆ ఆరేళ్లూ భక్తులకు దర్శనం బాలాలయంలోనే, నిత్యపూజలు మాత్రం ఆగలేదు. ఇంత మారినా గుహలోని స్వయంభూ స్వామిని కదపలేదు. చుట్టూ ఎంత పెద్ద ఆలయం లేచినా లోపల అదే రాతి గుహ.

ఈసారి గుట్టకు వెళ్తే, మీకు ఏ కోరికా లేని రోజు చూసుకుని వెళ్లండి. స్వామి జన్మనక్షత్రం స్వాతి. ఆ రోజు పొద్దున్నే గిరి ప్రదక్షిణ ఉంటుంది, నీళ్ల సీసా ఒకటి తీసుకెళ్లండి, ఎండాకాలమైతే రోడ్డు తొందరగా కాలిపోతుంది.