అణగిన దోషం, తొలగిన దోషం

దోషాన్ని అణచి ఉంచడమూ, దోషాన్ని తొలగించడమూ ఒకటేనా అన్న ప్రశ్న భారతీయ శాస్త్రాలకు చాలా పాతది. లంఘన పాచనాలతో, అంటే ఉపవాసంతోనూ జీర్ణశక్తిని పెంచే ఉపచారంతోనూ, శాంతించిన దోషం మళ్లీ ప్రకోపించవచ్చుననీ, శోధనతో బయటికి వెళ్లిన దోషం తిరిగి పుట్టదనీ చరక సంహిత సూత్రస్థానం చెబుతుంది. యోగశాస్త్రం ఇదే భేదాన్ని చిత్తంలో చూసింది. రాగం, ద్వేషం వంటి క్లేశాలకు పతంజలి నిద్రాణం, పలచబడినది, మధ్యలో తెగినది, విజృంభించినది అనే నాలుగు అవస్థలు చెప్పగా, వ్యాసభాష్యం వాటికి ఆవల వేయించిన విత్తనంలాంటి అయిదో అవస్థను చూపింది. నిద్రపోతున్న విత్తనానికి తేమ తగిలితే చాలు, వేగిన విత్తనానికి ఎంత తేమ తగిలినా మొలక రాదు.

విద్యుత్ కారు ఈ ప్రశ్నను యంత్రంలోకి తెచ్చింది. బ్యాటరీ నుంచి మోటారు మీదుగా చక్రాలకు శక్తి చేరే మార్గమంతా సాఫ్ట్‌వేర్ ఆజ్ఞకు లోబడి ఉంటుంది గనుక, లోపం లోహంలో ఉన్నా తయారీదారు లోహాన్ని ముట్టుకోకుండా ఆజ్ఞను మార్చి ఊరుకోగలుగుతున్నాడు. 2022లో అమెరికాలో ఫోర్డ్ సంస్థ సుమారు 49 వేల మస్టాంగ్ మాక్-ఈ కార్లను రీకాల్ చేసింది. బ్యాటరీని మిగతా వ్యవస్థతో కలిపే కాంటాక్టర్, అంటే భారీ విద్యుత్ ప్రవాహాన్ని కలిపి విడదీసే స్విచ్, వేగవంతమైన ఛార్జింగ్ వల్లా యాక్సిలరేటర్‌ను పదేపదే చివరిదాకా తొక్కడం వల్లా వేడెక్కి పాడై, నడుస్తున్న కారు చోదకశక్తిని కోల్పోయే ప్రమాదం ఉందని తేలింది. కాంటాక్టర్ వేడిని గమనించి, అవసరమైతే శక్తిని తగ్గించే సాఫ్ట్‌వేర్‌ను అప్పట్లో పరిష్కారంగా ఇచ్చారు. అది చాలలేదు. 2023లో సుమారు 35 వేల కార్లను మళ్లీ పిలిచి, కాంటాక్టర్లున్న జంక్షన్ బాక్స్‌నే మార్చవలసి వచ్చింది. చరకుని మాటల్లో మొదటిది శమనం, రెండోది శోధనం.

షెవర్లే బోల్ట్ కథ ఇంకా లోతైనది, ఎందుకంటే అక్కడ ప్రశ్న చికిత్స నుంచి జ్ఞానానికి జరిగింది. 2020 నవంబరులో జనరల్ మోటార్స్ సుమారు 68 వేల బోల్ట్ కార్లను రీకాల్ చేసి, మంటల ముప్పు తగ్గేందుకు ఛార్జింగ్‌ను 90 శాతం దగ్గర ఆపే సాఫ్ట్‌వేర్ ఇచ్చింది. తరువాత బ్యాటరీలోని అసాధారణ లక్షణాలను పసిగట్టే సాఫ్ట్‌వేర్‌ను అమర్చి, ఆ పరిమితిని ఎత్తివేసింది. ఆ సవరణ పొందిన కార్లలోనే రెండు కాలిపోయాయి. ఆనోడ్ నుంచి విద్యుత్తును బయటికి తెచ్చే సన్నని రేకు చిరగడం, రెండు ధ్రువాలు ఒకదానికొకటి తగలకుండా అడ్డుండే పొర మడతపడడం అనే రెండు అరుదైన తయారీ లోపాలు ఒకే సెల్‌లో కలిసినప్పుడు ఈ ప్రమాదం కలుగుతుందని చెప్పారు. 2021 ఆగస్టు నాటికి రీకాల్ సుమారు 1.42 లక్షల కార్లకు, అంటే అప్పటిదాకా తయారైన బోల్ట్‌లన్నిటికీ విస్తరించింది.

లోపం కనబడలేదు గనుక లేదనవచ్చా అన్నదే ఇక్కడి ప్రశ్న. భాట్ట మీమాంసకులూ అద్వైతులూ అనుపలబ్ధిని, అంటే కనబడకపోవడాన్ని, అభావాన్ని తెలిపే ప్రమాణంగా అంగీకరించారు గాని, దానికి యోగ్యత అనే నియమం పెట్టారు. వస్తువు అక్కడ ఉండి ఉంటే తప్పక కనబడేదే అయినప్పుడు మాత్రమే, కనబడకపోవడం అది లేదనడానికి సాక్ష్యమవుతుంది. చీకటిగదిలో కుండ కనబడలేదని కుండ లేదనకూడదు. బోల్ట్‌లోని సాఫ్ట్‌వేర్ లోపాన్ని చూడలేదన్న మాట లోపం లేదన్న మాటగా చెల్లాలంటే, మడతపడిన పొరను చూడగల చూపు దానికి ముందుగా ఉండాలి. మనుషులు రాత్రి నిద్రపోయే ఇంటి గోడకు ఆనుకుని ఆ కారు ఛార్జ్ అవుతుంది కాబట్టి, ఈ నియమాన్ని పండితుల వాదసూక్ష్మతగా కొట్టిపారేయడం సాధ్యం కాదు.

ఆజ్ఞను మార్చడమే శోధనమయ్యే చోటు కూడా ఉంది. ఆగవలసిన గుర్తు దగ్గర కారును పూర్తిగా ఆగకుండా నెమ్మదిగా దాటనిచ్చే సౌకర్యాన్ని టెస్లా 2022లో సుమారు 54 వేల కార్ల నుంచి సాఫ్ట్‌వేర్ ద్వారానే తీసివేసింది. అక్కడ దోషం పుట్టింది ఆజ్ఞలోనే గనుక ఆజ్ఞ మారగానే విత్తనం వేగిపోయింది.

దోషాన్ని అణచి ఉంచే నిగ్రహం తక్కువదని దీని అర్థం కాదు. క్లేశాలను పలచబరచడాన్నే పతంజలి క్రియాయోగ ప్రయోజనాల్లో ఒకటిగా చెప్పాడు. శోధనకు సమయం పట్టినప్పుడు శమనమే ప్రాణాన్ని నిలుపుతుంది. అయితే నిగ్రహాన్ని నివారణ అని పిలిస్తే సత్యం దెబ్బతింటుంది, ఆ మాట నమ్మినవాడు కారును మళ్లీ ఇంటి లోపలికి తెచ్చుకుంటాడు. 2023లో జనరల్ మోటార్స్ 2020-22 నమూనాల బోల్ట్‌లలో అనేకం విషయంలో బ్యాటరీ మార్చడానికి బదులు, సుమారు 10,000 కిలోమీటర్లు తిరిగేదాకా ఛార్జింగ్‌ను 80 శాతానికి పరిమితం చేసి గమనించే సాఫ్ట్‌వేర్‌ను ఇచ్చింది. ఇది నిగ్రహమని, పరీక్ష అని యజమానికి ముందే చెప్పడం మునుపటికంటే నిజాయతీ గల పద్ధతి. ఏ అసాధారణతా కనబడకపోతే పరిమితి దానంతటదే తొలగిపోతుంది. ఆ 10,000 కిలోమీటర్ల చూపుకు మీమాంసకులు అడిగిన యోగ్యత ఉందా అన్నదే అక్కడ మిగిలిన ప్రశ్న.