గులకలో వజ్రమును వెదకుట

పాఠములు: యోహాను 20:24–31, 1 థెస్సలొనీకయులకు 5:19–22



"అయ్యగారూ, ఫలాని చోట భక్తుని సమాధి మన్ను పెట్టుకొంటే జ్వరం పోయిందట. ఫలాని బోధకుడు నూనె రాస్తే కుంటివాడు నడిచినాడట. నమ్మవచ్చునా?" అని సంఘములోనివారు అడుగుట కలదు. కొందరు విన్నదెల్ల నమ్ముదురు. చదువుకొన్న పిల్లలలో కొందరు విన్నదెల్ల నవ్వి త్రోసివేయుదురు. ఈ రెండు త్రోవలును సులభమైనవే, ఏలయనగా రెంటిలోను ఆలోచించు పని లేదు. పౌలు థెస్సలొనీకయులకు మూడవ త్రోవను చూపెను. ఆత్మ మంటను చల్లార్చకుడి, ప్రవచనమును చులకన చేయకుడి అని చెప్పి, వెంటనే అన్నిటిని శోధించి చూచి మంచిదానిని విడువక పట్టుకొనుడని వ్రాసెను. నమ్మవలసినవారికే శోధించుమని ఆజ్ఞ యియ్యబడినది.

ఇది క్రొత్త ప్రశ్న కాదు. ఐరోపా ఖండములో మధ్య యుగములని చెప్పబడు కాలమున, అనగా ఇంచుమించు 500 మొదలు 1500 వరకు, క్రైస్తవుల బ్రదుకంతయు భక్తుల కథలతో నిండియుండెను. పట్టణమునకొక భక్తుడు, వృత్తికొక భక్తుడు, రోగమునకొక భక్తుడు. ఇంగ్లాండులో కాంటర్‌బరీ ప్రధానాధ్యక్షుడైన తామస్ బెకెట్ 1170వ సంవత్సరమున తన దేవాలయములోనే చంపబడగా, ఆయన రక్తపు చుక్క కలిపినదని చెప్పబడిన నీటిని యాత్రికులు చిన్న లోహపు బుడ్లలో ఇండ్లకు తీసికొనిపోయి రోగులకు త్రాగించిరి. 1260 ప్రాంతమున వొరాజినె ఊరి యాకోబు అను సన్యాసి ఇటువంటి కథలను పండుగల వరుసలో కూర్చి వ్రాసిన "స్వర్ణగాథ" అను గ్రంథము దేశదేశములలో చదువబడెను.

అయితే అంత దూరము పోనేల? ఆ కథలలో ఒక గొప్ప భక్తుని సమాధి మన తూర్పు తీరముననే, మైలాపూరులో నున్నదని ఆ కాలపు వారు నమ్మిరి. ఆయనే మన పాఠములోని తోమా. ఆ సమాధినిగూర్చి వ్రాసినవాడు వెనీసు వర్తకుడగు మార్కో పోలో. ఆయన 1298లో జెనోవా చెరసాలలో నుండి తన ప్రయాణములను చెప్పి వ్రాయించెను. ఆ గ్రంథములో మన తెలుగు దేశమును ఉన్నది. కాకతీయుల రేవగు మోటుపల్లి పేర ఆయన ఈ రాజ్యమును వర్ణించి, ఒక రాణి న్యాయముగా ఏలెనని పొగడెను. కాని ఆమె చనిపోయిన రాజుగారి భార్యయని వ్రాసెను. ఆమె గణపతిదేవుని కుమార్తె రుద్రమదేవియని మనమెరుగుదుము. కండ్లు తెరచుకొని తిరిగిన మనుష్యుడును చెవితో విన్నదానిలో తప్పిపోవును.

అదే చోట ఆయన మన వజ్రములనుగూర్చి చెప్పినది వినుడి. వానలు కురిసి వాగులు పారిన తరువాత జనులు ఆ ఇసుకలో గులకలో వెదకి వజ్రములు ఏరుకొందురని ఒక మాట. సర్పములు నిండిన లోయలలోనికి మాంసపు ముక్కలు విసరగా వాటికి వజ్రములు అంటుకొనుననియు, తెల్లని గద్దలు ఆ మాంసము ఎత్తుకొని రాగా జనులు వాటిని తరిమి వజ్రములు తీసికొందురనియు ఇంకొక మాట. గద్దల కథ ఆయన పుట్టుటకు ఎన్నో వందల ఏండ్ల ముందే పరదేశపు గ్రంథములలో నున్నది. కాని వానల మాట సత్యము. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి పొలములకు చద్దిమూట కట్టుకొని పోవువారిని మనమెరుగుదుము గదా! ఒకే పుటలో కథయు సత్యమును ప్రక్కప్రక్కనే యున్నవి. గులక యున్నదని ఎవడును చేను విడిచిపోడు; గులకనంతయు వజ్రమని మూట కట్టుకొనడు. ఒంగి, ఏరి, వెలుగులో త్రిప్పి చూచును. తోమానుగూర్చిన మూడు కథలను మనమును అట్లు చూతము.

మొదటిది, మేడ కథ. తోమా శిల్పియని తలంచి గొందఫరు అను రాజు మేడ కట్టుమని ధనమిచ్చెనట. తోమా ఆ ధనమంతయు బీదలకు పంచిపెట్టెను. మేడ యేదని రాజు అడుగగా, పరలోకమందు కట్టబడినదని చెప్పెను. రాజు కోపించి చెరసాలలో వేయించెను. అంతలో రాజు తమ్ముడు చనిపోయి, పరలోకములో ఆ మేడను చూచి, తిరిగి బ్రదికి, దానిని తనకు అమ్ముమని అన్నను బతిమాలెనట. ఈ కథ 3వ శతాబ్దమున సిరియా భాషలో వ్రాయబడినది, స్వర్ణగాథలోను ఉన్నది. రాజు పేరుకూడ కల్పితమేయని పండితులు తలంచియుండగా, 19వ శతాబ్దములో వాయవ్య దిక్కున దొరికిన నాణెములపై ఆ పేరు కనబడెను. పేరు నిజమైనంత మాత్రమున కథయంతయు నిజము కాదు. అయినను ఇందులో వజ్రమున్నది. చిమ్మెటయు త్రుప్పును తినివేయని చోట ధనము కూర్చుకొనుడని ప్రభువు కొండమీద చెప్పిన మాటయే ఇది. మన బేతంచెర్ల నాపరాయి ఎన్ని ఊళ్ల మేడలలో పరచబడియున్నదో! దానిని కోసినవాని ఇంట మన్ను నేలయే యుండి, వాని కూలి మన చేతిలో నిలిచిపోయిన యెడల, యాకోబు తన పత్రిక 5వ అధ్యాయములో చెప్పినట్లు ఆ కూలి మొరపెట్టును.

రెండవది, బియ్యపు కొట్ల కథ. 1288వ సంవత్సరమున ఒక దొర, తోమా సమాధియొద్ద యాత్రికులు దిగు ఇండ్లన్నిటిలో తన బియ్యమును నింపెనట. కావలివారు బతిమాలినను వినలేదు. ఆ రాత్రి తోమా కనబడి, గొంతు మీద ఇనుప గాలము పెట్టి, ఇండ్లు ఖాళీ చేయకున్న చచ్చెదవని బెదరించెనట. తెల్లవారగానే ఇండ్లు ఖాళీ అయ్యెనని మార్కో పోలో చెప్పుచున్నాడు. గొంతు మీద ఇనుము పెట్టుట క్రీస్తు శిష్యుని పద్ధతి కాదు, అది గులక. అయితే పరదేశికి తల దాచుకొను చోటు లేకుండ ధాన్యము నింపుకొనువానికి రాత్రి నిద్రపట్టకూడదని ఆ బీద యాత్రికులు ఎరిగిరి. లూకా 12లోని వెఱ్ఱి ధనవంతునికిని ఒక రాత్రి పిలుపు వచ్చెను గదా! ఇది వజ్రము.

మూడవది, ఎఱ్ఱమన్ను కథ. తోమా చనిపోయిన చోటి ఎఱ్ఱని మన్నును యాత్రికులు తమ దేశములకు తీసికొనిపోయి, దినము విడిచి దినము వచ్చు జ్వరమునకు, రెండు దినములు విడిచి వచ్చు జ్వరమునకు కొంచెము త్రాగించగా రోగి బాగుపడునని మార్కో పోలో వ్రాసెను. ఇక్కడ నెమ్మదిగా చూడవలెను, ఏలయనగా ఇక్కడ ప్రాణములున్నవి.

దేవుడు అట్లు చేయలేడని మనము చెప్పము. ఎలీషా యెముకలు తగిలి చచ్చినవాడు లేచెనని 2 రాజులు 13లో నున్నది. పౌలు శరీరమునకు తగిలిన గుడ్డలవలన రోగులు బాగుపడిరని అపొస్తలుల కార్యములు 19లో నున్నది. కాని అదే గ్రంథము ఇంకొకటి చెప్పుచున్నది. దేవుని మాట చొప్పున మోషే చేసిన ఇత్తడి సర్పమునకు జనులు ధూపము వేయగా, హిజ్కియా దానిని ముక్కలు చేసెను. స్వస్థపరచినది దేవుడు, ఇత్తడి కాదు. యోహాను అద్భుతములను సూచక క్రియలు అనుచున్నాడు. మైలురాయి ఊరికి దారి చూపును. మైలురాయినే ఊరనుకొని మూట దించువాడు ఇల్లు చేరడు.

మరియు ఆ జ్వరము చలిజ్వరము. అది విడిచి విడిచి వచ్చును. విడిచిన దినమున మన్ను త్రాగినవాడు మన్నువలన తగ్గెనని సాక్ష్యమిచ్చును. మరల వచ్చి చచ్చినవాడు సాక్ష్యమియ్యడు. ఈ జ్వరము మర్మము ఎక్కడ బయటపడెను? మన సికింద్రాబాదులోనే. 1897 ఆగస్టు 20వ తేదీన రోనాల్డ్ రాస్ అను వైద్యుడు దోమ కడుపులో ఆ జ్వరపు క్రిమిని కనుగొనెను. 1902లో నోబెల్ బహుమానము పొందెను. ఆయన చూచినది దేవుడు చేసిన లోకములోని సత్యమే. మందును దేవుని వరము కాదని త్రోసివేయు అధికారము మనకెవరిచ్చిరి?

అన్ని సూచక క్రియలు చేసిన పౌలు త్రోఫిమును మిలేతులో రోగిగా విడిచి వచ్చెను. తిమోతికి కడుపు జబ్బుకు ద్రాక్షారసము కొంచెము పుచ్చుకొమ్మని చెప్పెను. ఆయన వెంట వైద్యుడైన లూకా ఉండెను. త్రోఫిముకు విశ్వాసము చాలలేదని పౌలు ఒక్క మాటయు అనలేదు. కాబట్టి, సహోదరులారా, క్షయకు ఆరు నెలల మాత్రలు పుచ్చుకొనుచున్నవాడు ప్రార్థన జరిగినదని రెండవ నెలలో మానకూడదు. పాము కరచిన బిడ్డను ప్రార్థించుకొనుచునే ఆసుపత్రికి ఎత్తుకొని పరుగెత్తవలెను. మందు మానుటే విశ్వాసమని చెప్పు బోధ యెవరిదైనను దానిని అంగీకరింపకుడి. బాగుపడని రోగిని, నీకు విశ్వాసము లేదని నిందించువాడు రోగము మీద ఇంకొక బరువు మోపుచున్నాడు.

ఇక తోమానే చూడుడి. గాయములు చూడనిదే నమ్మననినవాడు ఆయన. మిగిలిన శిష్యులు ఆయనను వెలివేయలేదు. ఎనిమిది దినములైన తరువాత ప్రభువు వచ్చి చేతులు చాపి చూపెను. శోధించి చూచువానికి తన గాయములను చూపిన ప్రభువు, మనము అడుగు ప్రశ్నలకు కోపించునా? అయితే తోమా చూచిన తరువాత ఊరకుండలేదు. నా ప్రభువా, నా దేవా అని మ్రొక్కెను. మన శోధన మ్రొక్కుటతో ముగియవలెను.

కొరింథులోని కలహపడు సంఘమును సయితము పౌలు పరిశుద్ధులుగా ఉండుటకు పిలువబడినవారని వ్రాసెను. ఆ పిలుపు మనకును ఉన్నది. సమాధి మన్నుతో మనకు పని లేదు. సజీవుడైన క్రీస్తుతో పని. తోమా మేడ ధనము బీదలకిచ్చెనో లేదో, మన చేతిలోని కూలి డబ్బు రేపు ఇయ్యవచ్చును. యాత్రికుని ఇల్లు 1288లో ఖాళీ అయ్యెనో లేదో, మన అరుగు మీద చోటు ఈ రాత్రి ఇయ్యవచ్చును. పొరుగు ఇంటి రోగిని ఆసుపత్రికి తోడుకొనిపోయి, మంచము ప్రక్కన కూర్చుండి ప్రార్థింపవచ్చును. అట్టి కథలను మన ఊరివారు మననుగూర్చి చెప్పుకొందురు గాక.

ప్రార్థన: తోమాకు గాయములు చూపిన ప్రభువా, విన్నదానిని శోధించు వివేకమును, మంచిదానిని పట్టుకొను విశ్వాసమును మాకిమ్ము. రోగులను జ్ఞాపకము చేసికొనుము. వైద్యుల చేతులను ఆశీర్వదింపుము. బాగుపడనివారిని నీ కౌగిట ఉంచుకొనుము. ఆమేన్.